వీపు వెనక గోడ

పదకొండయింది. పన్నెండుకి వాస్కో వస్తాడు. లిఫ్టు బండి అతనిది. నేను నిలబడి పనిచేసే బుట్ట కిందికి దింపి, ఇనప చెయ్యి మడిచి, బండి తోలుకుపోతే ఇక ఆ గోడ నా చేతికి అందదు. ఈలోగా నేను చెయ్యవలసిన పని ఒక్కటే ఉంది, వెనక్కి తిరిగి చూడటం. మిలేనా బారులో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు అవతల గోడ, ఏడంతస్తుల గోడ, ఒక్క కిటికీ కూడా లేని పక్కగోడ, పందొమ్మిది రోజులుగా నేను రంగు వేస్తున్న గోడ. ఇంతవరకూ నేను దాన్ని చూడలేదు. ఈ మాట బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు, వేసినదానివి నువ్వే కదా ఫోస్కా, చూడకపోవడం ఏమిటి అంటారు. బుట్టలో నిలబడితే గోడకీ ముక్కుకీ మధ్య మూరెడు దూరం ఉంటుంది. కనబడేది రంగు, గరుకు, సిమెంటులో ఇరుక్కున్న గులకరాయి, ఎప్పుడో అతుక్కుని చచ్చిన దోమ. బొమ్మ కనబడదు. బొమ్మ కనబడాలంటే రోడ్డు దాటాలి. రోడ్డు దాటి చూసే పని ఒరియానోది. ఇరవై రెండేళ్ళు నేను పైన, వాడు కింద. నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే వాడికి కాళ్ళు వణికేవి. గోడల మీద బొమ్మలు వేసేవాడికి ఎత్తంటే భయమట అని లివోర్నో ఊరంతా వాణ్ణి ఆట పట్టించింది, ఇక్కడివాళ్ళకి అలాంటి ముక్క దొరికితే పదేళ్ళు నములుతారు. వాడు పట్టించుకునేవాడు కాదు. ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి, ఫోన్ చెవికి ఆనించి, ఎడమకి, ఇంకొంచెం, చాలు, కాదు, చాలన్నానా, సరే చాలు, అంటూ ఉండేవాడు. ఆ గొంతుతోనే నేను గీత గీసేదాన్ని.

పని అయిపోయాక ఒక రూలు ఉండేది. ఎదురుగా ఏ బారు ఉంటే ఆ బారులోకి వెళ్ళి, గోడకి వీపు పెట్టి కూర్చుని, ఒక్క కాఫీ తాగి, కప్పు కింద పెట్టగానే ఇద్దరం ఒకేసారి తిరగాలి. వాడు రోజూ చూసినవాడే, అయినా మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరిచేవాడు. వాడు తిరిగేది గోడ కోసం కాదని, నా మొహం ఎలా మారుతుందో చూడటానికని, చాలా ఏళ్ళకి కనిపెట్టాను. కనిపెట్టినట్టు చెప్పలేదు. చెబితే మానేస్తాడని భయం. ఇప్పుడు కాఫీ అయిపోయింది, కప్పు కింద పెట్టి చాలాసేపయింది, తిరగలేదు. మిలేనా ఆ కప్పు తీసేసి ఇంకో కాఫీ పెట్టి వెళ్ళింది. ఊళ్ళో అందరి కాపురాల సంగతీ విప్పి చెప్పగల మనిషి, నన్ను మాత్రం ఏమీ అడగలేదు, గాజు గ్లాసులు తుడుస్తోంది, తుడిచినవే మళ్ళీ తుడుస్తోంది. కాఫీ వేడిగా ఉందని తెలుస్తోంది. రుచి తెలియడం లేదు.

శ్మశానం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ, పదకొండు రోజులుగా అంతే. నాకేమీ అనిపించడం లేదు. గొప్పగా చెప్పుకోవడం లేదు, మొర పెట్టుకోవడమూ లేదు, ఉన్నది చెబుతున్నాను. ఆకలేస్తే తింటున్నాను. నిద్ర వస్తోంది, అదే సిగ్గుపడాల్సిన మాట, పడుకున్న నిమిషంలో పడుతోంది. మిలానో నుంచి చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చావా అని అడిగింది, మాత్ర వేసుకున్నావా అన్నట్టు. లేదన్నాను. ఏడవాలి, లోపల పెట్టుకోకూడదు అంది. లోపల ఏమైనా ఉంటే కదా పెట్టుకోవడానికి. బుట్టలోకి ఎక్కి, కాయితం చూసి, గడి లెక్కపెట్టి, రంగు నింపి, దిగేదాన్ని. వెనక గేటులోంచి రావడం, వెనక గేటులోంచే పోవడం. సైకిలు అటే కట్టేదాన్ని. ఎదుటివైపుకి రాకుండా పందొమ్మిది రోజులు ఎలా గడిపావని అడిగితే జవాబు చాలా తేలిక, రాలేదు, అంతే. రోడ్డు దాటితే ఆ ఫుట్‌పాత్ మీద ఎవరూ ఉండరని తెలుసు. ఖాళీ ఫుట్‌పాత్‌ని చూసి నాకేమీ అనిపించకపోతే అప్పుడేం చెయ్యాలో తెలియదు. గోడ విషయమూ అంతే. ఇది వాడు గీసిన ఆఖరి బొమ్మ. తిరిగి చూశాక కూడా ఒక గోడని చూసినట్టే ఉంటే, ఇంకో ముప్ఫై గోడలు వేసినా నేను రంగులు పూసే మేస్త్రీనే అవుతాను, అంతకు మించి కాదు. అందుకని రెండో కాఫీ.

ఈ గోడ మాకు ఊరికే రాలేదు. ఫిబ్రవరిలో ఆ భవనంవాళ్ళ మీటింగు జరిగింది, కింద సైకిళ్ళు పెట్టుకునే గదిలో, ఇరవై తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది కుర్చీలు. ఒకాయన ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ కావాలన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు మడొన్నా, మరియమాత బొమ్మ అన్నారు. రెండో అంతస్తు మనిషి చచ్చిపోయిన తన కుక్క ఫొటో తెచ్చాడు, ఏడంతస్తుల కుక్క. ఒరియానో అప్పటికే బాగా చిక్కిపోయాడు, కోటు వదులుగా వేలాడుతోంది, అందరూ చెప్పినదీ ఓపిగ్గా విని లేచి, ఉత్త రంగులూ వంపులూ వేస్తామని చెప్పి, మడొన్నా వేస్తే ఆమె ఎదుట మీరు నోరు జారడానికి లేదు, మెట్లమీద తిట్టుకోవడానికి కూడా లేదు, ఆటగాణ్ణి వేస్తే వచ్చే ఏడాది వాడు మన పగవాళ్ళ పీసా జట్టుకి పోతాడు, అప్పుడు పీసావాడి మొహం పెట్టుకుని బతకాలి, నీలం రంగు ఎక్కడికీ పోదు అన్నాడు. గది గొల్లుమంది. అయినా సగంమంది ఇదేం బొమ్మ, దీనికి మొహమేదీ, కాళ్ళేవీ అంటూనే ఉన్నారు. పదిహేను మంది ఔనన్నారు, పద్నాలుగు మంది కాదన్నారు. ఆ పదిహేనో ఓటు నాలుగో అంతస్తు ఆర్జియమ్మది. ఎనభై నాలుగేళ్ళు, గోడ మూలకి ఆనుకుని ఆమె బాల్కనీ. ఎందుకు ఔనన్నారని తరవాత అడిగితే, కుక్కంటే నాకు పడదమ్మాయ్ అంది.

రంగులకి పేర్లు వాడే పెట్టేవాడు. డబ్బా మీద ఉన్న నంబరు పలికేవాడు కాదు. ఏ వీధిలో గోడ అయితే ఆ వీధిలోనే రంగులు దొంగిలించాలనేవాడు. ఈసారివి ఆర్జియమ్మ పరదా పచ్చ, పోస్టాఫీసు పసుపు, ఓడరేవు గొలుసుల తుప్పు, ఇంకా ఒక నీలం. ఆ నీలానికి పేరు పెట్టలేదు. అన్నిటికన్నా పెద్దది అదే, కింద ఎడమ మూలలో మొదలై, వంపు తిరుగుతూ, ఏడో అంతస్తు కుడిమూలకి ఎక్కే నీలం. పేరు పెట్టరా అంటే తరవాత చెప్తానన్నాడు. ఆసుపత్రి మంచం మీద కూర్చుని, పిల్లల గళ్ళ నోటు పుస్తకంలో పేజీ చింపి, రంగు పెన్సిళ్ళతో గీశాడు. ఒక గడి అంటే గోడ మీద ఒక మీటరు. అడ్డంగా పద్నాలుగు గళ్ళు, నిలువుగా ఇరవై మూడు, పక్కన అంకెలు. అన్నం తినే పళ్ళెం మీదే పెట్టుకుని గీసినట్టున్నాడు, ఒక మూల నూనె మరక ఉంది. ఆ కాయితం ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. మొదటి మూడంతస్తులు వాడు బతికుండగానే వేశాను. రోజూ పొద్దుగూకే వేళకి ఆసుపత్రికి వెళ్ళేదాన్ని, ఆర్జియమ్మ మనవరాలు రోడ్డు అవతల నుంచి తీసి పంపిన ఫొటోని నేను చూడకుండా ఫోన్ వాడి చేతికి ఇచ్చేదాన్ని. వాడు చూసేవాడు. పచ్చ ఒక వేలు లోపలికి రావాలి, తుప్పు బాగుంది, నువ్వేమిటే ఇలా ఎండిపోయావు, అనేవాడు. చావబోయేది వాడు, ఎండిపోయింది నేనట.

రెండు వారాల కిందట మంగళవారం పొద్దున పోయాడు. నేను లేను, బుట్టలో ఉన్నాను, మూడో అంతస్తు పైగీత నింపుతున్నాను. లొరెంజా ఫోన్ చేసింది. లొరెంజా వాడి భార్య, విడిపోయి తొమ్మిదేళ్ళయింది, కానీ కాయితాల్లో ఆసుపత్రివాళ్ళు పిలవవలసిన మనిషి ఆమే. అయిపోయింది అంది. సరే అన్నాను. రోలరులో రంగు ఉంది, ఎండిపోతే మళ్ళీ పనికిరాదు, అందుకని ఆ గడి పూర్తి చేసి దిగాను. ఆరోజు సాయంత్రం నుంచి వాన పట్టుకుంది, నైరుతి గాలి, సముద్రం రోడ్డెక్కింది, రెండు రోజులు పని లేదు. శుక్రవారం తెరిపి ఇచ్చింది. శుక్రవారం పొద్దున శ్మశానానికి వెళ్ళాం. ఎండ బాగా కాసింది. మనిషిని గోడలో పెట్టే చోటు, నాలుగు వరసల అరలు, వాడికి రెండో వరస. నయం, నాలుగోదైతే భయపడేవాడు అనుకున్నాను. అనుకున్నానంటే ఆ మాట తలలోకి వచ్చింది, నవ్వూ రాలేదు, ఇంకేమీ రాలేదు. పెట్టె లోపలికి తోశారు. మేస్త్రీ వచ్చి అందరి ఎదుటా ఇటుక మీద ఇటుక పేర్చి అర మూసేశాడు. మీద ప్లాస్టరు. జనం తలలు దించుకున్నారు. నేను దించలేదు, ప్లాస్టరునే చూస్తూ ఉన్నాను. నీళ్ళు ఎక్కువ కలిపాడు, జారుతోంది, ఇది ఆరడానికి మూడు వారాలు పడుతుంది, ఈలోగా ఏ రంగు వేసినా పొక్కుతుంది అని లెక్క వేసుకుంటున్నాను. తరవాత అందరూ వరసగా వెళ్ళి లొరెంజా చెయ్యి పట్టుకుని ఓదార్పు మాట చెప్పారు. నేనూ వరసలో నిలబడి చెప్పాను. ఆమె థాంక్స్ అంది. న్యాయమే. నేను వాడికి ఏమవుతానని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. పెళ్ళాన్ని కాను, అక్కని కాను, ప్రేమించుకోలేదు, ఒకసారి బొలోన్యాలో తాగి అదీ ప్రయత్నించి ఇద్దరం నవ్వుకుని నిద్రపోయాం. ఇరవై రెండేళ్ళు ఒకే గోడకి అటొకరు ఇటొకరు. దానికి పేరు లేదు. కాబట్టి ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు, పట్టుకోవాలని ఎవరికైనా తోచినా ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నారు. అక్కణ్ణుంచి నేరుగా పనికి వచ్చాను. శ్మశానానికి వేసుకున్న నల్లబూట్లతోనే బుట్ట ఎక్కాను.

బారు తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. చేతికర్ర చప్పుడు. ఆర్జియమ్మ. ఈ వేళప్పుడు ఆమె పాంచ్ తాగుతుంది, కాఫీలో రమ్ము, డాక్టరు వద్దన్న దగ్గర్నుంచీ మానకుండా తాగుతోంది. నా ఎదుట కుర్చీలో చతికిలబడింది. ఆమె మొహం కిటికీ వైపు, నా మొహం ఆమె వైపు, నా వెనక ఉన్నదంతా ఆమె చూస్తోంది. ఇక బండి చప్పుడు ఉండదన్నమాట, పొద్దున్నే నా బాల్కనీలో నీ తల కనబడదన్నమాట, అలవాటు చేశావు అంది. నా బట్టల తాడు మీద ఆరేసిన దుప్పటి మీద నీ పోస్టాఫీసు పసుపు రెండు చుక్కలు పడ్డాయి, ఆ దుప్పటి నా శవప్పెట్టెలో వేయించుకుని పోతాను, ఎవరికీ ఇవ్వను అంది. తరవాత మెల్లగా తాగుతూ, బొమ్మ మీదికి చూపు పోనిచ్చింది.

"ఒకటి మాత్రం నాకు భలే నచ్చిందమ్మాయ్. ఆ నీలం పాకుతూ వచ్చి వచ్చి, సరిగ్గా నా బాల్కనీ దగ్గరకొచ్చేసరికి మెట్టు దిగినట్టు పక్కకి జరుగుతుంది చూడు. నా మోకాలు నొప్పి చూసే వేశారనుకుంటాను."

మెట్టు లేదు. ఆ నీలంలో మెట్టు లేదు. పొరపాటు పడ్డారేమో ఆర్జియమ్మా, అది వంపు అన్నాను. నా కళ్ళకి ఆపరేషన్ అయింది, నీకు కాలేదు, అని ఆమె వెక్కిరించింది. జేబులోంచి కాయితం తీశాను. నీలం ఎడమ మూల నుంచి ఎక్కడా తెగకుండా పైకి పోతోంది, పెన్సిలు ఒత్తి గీసిన నున్నటి వంపు. పదకొండో వరస దగ్గర, అంటే నాలుగో అంతస్తు దగ్గర, నీలం ఎడమ అంచు ఐదో గడి చివర ఉంది. ఐదో గడి చివర అంటే గోడ ఎడమ అంచు నుంచి ఐదు మీటర్లు. ఐదు మీటర్లు ఎక్కడ పడింది, ఆ వరస నేను ఎలా గీశాను. కళ్ళు మూసుకుంటే గుర్తుకొస్తుంది, చేతికి అన్నీ గుర్తుంటాయి. వానకి సుద్దగీతలు కొట్టుకుపోయాయి. మూడో అంతస్తు పైనున్న గీతలన్నీ పోయాయి, మళ్ళీ తాడు కొట్టాలి. సుద్ద పూసిన తాడు ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస లాగిపట్టి, మధ్యలో వేలితో ఎత్తి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది, అలా మీటరుకొకటి. మొదటి మేకు గోడ అంచున ఉండాలి. ఆ శుక్రవారం మధ్యాహ్నం తాడు మొదటి కొస ఎక్కడ కట్టాను. చేతికి చల్లగా ఇనుము తగిలిన గుర్తు ఉంది. అంచు దగ్గర ఇనుము లేదు. అంచుకి మీటరు లోపలగా వాననీటి గొట్టం ఉంది, పైకప్పు నుంచి కిందిదాకా. తాడు ఆ గొట్టానికి కట్టాను. గొట్టాన్ని అంచనుకుని అక్కణ్ణుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. దాని పై వరస ఈ వరసని బట్టి, ఆ పైది దాన్ని బట్టి, చివరిదాకా అంతే. నాలుగో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా ఒరియానో బొమ్మ మొత్తం ఒక మీటరు కుడికి జరిగిపోయి ఉంది.

ఇది కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. మొదటి వారంలో చేసే తప్పు. అంచు నుంచి కొలువు, కిటికీ నుంచి కాదు, గొట్టం నుంచి కాదు అని నేనే ఎంతమందికి చెప్పానో. మనిషి బొమ్మ అయితే మొదటి గంటలోనే దొరికిపోయేది. ముక్కు చెవి దగ్గరకి పోతే దారిన పోయే ప్రతివాడూ అరిచి చెప్తాడు. ఇక్కడ పదకొండు రోజులుగా వీధి వీధంతా చూస్తున్నా ఒక్కరూ నోరెత్తలేదు, వీళ్ళు కావాలనే ఇలా వేశారనుకున్నారు. కింద ఫోన్ పట్టుకుని నిలబడేవాడు ఒక్కడే, ఫోస్కా, గుడ్డిదానా, ఒక గడి ఎడమకి అని ఉండేవాడు. వాణ్ణి ఆ పొద్దున్నే గోడలో పెట్టి వచ్చాను. గడియారం పదకొండూ నలభై. వాస్కోకి ఫోన్ చేసి బండి ఇంకో వారం ఉంచమనవచ్చు. నాలుగంతస్తులు, ఆరు రోజులు, రంగు మిగిలే ఉంది. తెల్లరంగు కొట్టి, అంచు నుంచి కొలిచి, మళ్ళీ వెయ్యాలి. వెయ్యాల్సిందే, ఇందులో ఆలోచించడానికి ఏముంది. వాడి ఆఖరి బొమ్మ వాడు గీసినట్టు ఉండొద్దా. ఫోన్ తీశాను. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఆ నిమిషంలో నాకు తెలియదు. ఆర్జియమ్మ పాంచ్ ముగించి, దండిగా త్రేన్చి, వెళ్ళొస్తానమ్మాయ్ అని లేచింది.

ఆమె వెళ్ళిన తలుపులోంచే లొరెంజా వచ్చింది. నల్లకోటు మానేసింది, బూడిదరంగుది వేసుకుంది, చేతిలో అట్టపెట్టె. శనివారం పదింటికి గోడ దగ్గర కార్యక్రమం, మునిసిపాలిటీవాళ్ళు వస్తారు, వాడి పాత స్నేహితులు వస్తారు. గోడ కింద బిగించడానికి ఇత్తడి పలక చేయించింది, అది చూపించడానికి వచ్చింది. మేము ఎప్పుడూ గోడలకి పేర్లు రాయలేదు, కింది మూలలో అరచేతంత తెల్ల చదరం ఒకటి వదిలేసేవాళ్ళం, అదే సంతకం. పలక మీద ఒరియానో ఆఖరి రచన అని ఉంది, దాని కింద చిన్న అక్షరాలతో రంగులు వేసినది ఫోస్కా అని. అక్షరాలు బాగా చెక్కారు అన్నాను. నువ్వు కిటికీకి వీపు పెట్టి ఎందుకు కూర్చున్నావంది. ఊరికే అన్నాను. ఆమె నిలబడే ఉంది, నా తల మీదుగా గోడని చూస్తోంది, చూస్తూ చూస్తూ కళ్ళు తడి చేసుకుంది. ఆమెకి కన్నీళ్ళు తేలిగ్గా వస్తాయి. అసూయ పడ్డాను. పదకొండు రోజుల్లో నాకు అనిపించిన మొదటి సంగతి అదే, అసూయ, దాన్ని చూసి నేనే ఆశ్చర్యపోయాను.

"అక్కడ విరిచాడు చూశావా," అంది లొరెంజా. "నాలుగో అంతస్తు దగ్గర. అంత నున్నగా పోతున్నదాన్ని టక్కున పక్కకి జరిపేశాడు. తను పోతున్నానని వాడికి తెలుసు. బొమ్మ మొత్తంలో అదొక్కటే నాకు అర్థమవుతుంది. శనివారం అదే చెబుదామనుకుంటున్నాను."

ఆమె ఆగకుండా, వాడు చేత్తో గీసిన కాయితం నీ దగ్గరే ఉందట కదా, ఇస్తే అద్దం కట్టించి ఆ రోజు అందరికీ చూపిద్దాం, తరవాత నీకే ఇచ్చేస్తాను అంది. కాయితం బల్ల మీదే ఉంది, నా చెయ్యి దాని మీద ఉంది. చెయ్యి తియ్యకపోతే సరిపోతుంది. పోయింది, వానకి తడిసిపోయింది అంటే నమ్ముతుంది. అప్పుడు ఆ మెట్టు ఒరియానోది అయిపోతుంది, గొప్పది అయిపోతుంది, మనుషులు దాని ఎదుట నిలబడి కళ్ళు తుడుచుకుంటారు. నాకు పోయేదేమీ లేదు. లేదా నిజం చెప్పి, బండి ఉంచుకుని, ఆరు రోజుల్లో చెరిపేసి, తిన్నగా చేసేస్తే అప్పుడూ ఎవరికీ ఏమీ తెలియదు. రెండూ తేలికే. బయట హారన్ మోగింది, వాస్కో అయిదు నిమిషాలు ముందే వచ్చాడు. కుర్చీలోనే వెనక్కి తిరిగాను. ఒరియానో పక్కన లేకుండా, వాడు నా మొహం చూడకుండా.

పెద్దగా ఉంది. ఇంత పెద్ద గోడ అని నాకు తెలియదు. నీలం కింద నుంచి లేచి, మెల్లగా, తొందర లేకుండా, తుప్పు పక్కన, పచ్చ కింద, వాడు ఎలా నడిచేవాడో అలా పోతోంది, మూడో అంతస్తు దాకా ఒరియానో పక్కన నేను ఉన్నాను. అక్కడ తెగింది. ఒక మీటరు పక్కకి పడింది. మెట్టు ఉందనుకోని చోట కాలు వేసి తూలిన మనిషి మళ్ళీ సర్దుకుని నడిచినట్టు, పైకంతా మళ్ళీ నున్నగానే పోయింది. అందంగా ఉంది కూడా, అదే నాకు కోపం. ఇది శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. నల్లబూట్లు. గొట్టం చల్లదనం. ఆ మధ్యాహ్నం నాకేమీ కాలేదని ఇన్నాళ్ళూ నేను చెప్పుకుంటున్నాను. ఏమీ కాని మనిషి గోడ అంచు ఎక్కడుందో మరిచిపోదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

వాస్కో తలుపు సగం తెరిచి తల లోపలికి పెట్టాడు. అక్కా, అయిందా, దింపెయ్యనా, సోమవారం దాకా ఈ బండిని ఎవరూ అడగలేదు, కావాలంటే ఉంచుతాను అన్నాడు. లొరెంజా నా వైపు చూస్తోంది, ఉంచడం దేనికి, అంతా అయిపోయింది కదా అంది. నేను కాయితం మీద నుంచి చెయ్యి తీసి, దాన్ని ఆమె వైపు జరిపాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. కాయితం చూసింది, గోడ చూసింది. వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. మిలేనా గ్లాసులు తుడవడం మానేసింది.

"ఇందులో తెగలేదు," అంది లొరెంజా.

"లేదు. వాడు తెంచలేదు. నేను తప్పు కొలిచాను."

ఆమె కళ్ళజోడు తీసింది. సరిచెయ్యవచ్చా అని అడిగింది, గొంతు మామూలుగానే ఉంది, పని మాట్లాడే గొంతు. వచ్చని చెప్పాను, ఆరు రోజులు పడుతుంది, శనివారానికి కాదు. అయితే కార్యక్రమం వారం వెనక్కి పెడదామంది, ఎవరికీ చెప్పక్కర్లేదు అంది. నన్ను కాపాడుతోందని తెలుసు. నాకు ఆమె మీద ఎప్పుడూ లేని మంచి అభిప్రాయం కలిగింది. వాస్కో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెరపడం నా చేతనవుతుంది, ఏ రంగు మీదైనా రెండు పూతలు చాలు. కానీ ఆ మెట్టు పోతే, వాడు పోయినప్పుడు నేను ఉన్నానని చెప్పేది ఈ ఊళ్ళో ఇంకేదీ ఉండదు. బండి తీసుకుపో వాస్కో అన్నాను. ఇంకోసారి అడగకుండా వెళ్ళాడు. కాసేపటికి ఇంజను చప్పుడు, గోడ పక్క నుంచి ఇనప చెయ్యి మడతలు మడతలుగా కిందికి రావడం.

"మరి శనివారం నేనేం చెప్పాలి?" అంది లొరెంజా. పలక ఉన్న పెట్టె ఆమె చేతిలోనే ఉంది. "వాడు గీసింది ఇది కాదని చెప్పనా?"

"చెప్పు. మూడో అంతస్తు దాకా వాడు గీసినట్టే ఉందని చెప్పు. ఆపైన ఫోస్కా చేతిలో ఒక మీటరు పక్కకి పోయిందని చెప్పు. ఆ పలక తిరగరాయించు. ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే, ఆ రోజు పొద్దున మేమందరం కలిసి ఒరియానోని..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. మిగిలిన నాలుగు ముక్కలూ నాకు తెలుసు, పదకొండు రోజుల్లో ఎంతమందికో ఫోన్‌లో చెప్పాను, ఎప్పుడూ తడబడలేదు. ఇప్పుడు నోరు తెరిచి ఉంది, గొంతులోంచి గాలి వస్తోంది, మాట రావడం లేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాను. లొరెంజా ఆ మాట నా కోసం పూర్తి చెయ్యలేదు. పెట్టె కింద పెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, కూర్చుని ఆగింది.